డీఎన్ఎస్ జవాబు ఎవరిచ్చారో చూడు తల్లీ

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. కస్టమర్ వాళ్ల డాట్ కామ్ డొమైన్‌కి నేమ్ సర్వర్లు (ఆ పేరుకు ఐపీ, అంటే సైట్ ఉన్న కంప్యూటర్ నంబరు, చెప్పే సర్వర్లు) మార్చారు, నువ్వు డిగ్ (పేర్లకు ఐపీలు చెప్పే డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్) కొడితే కొత్త ఐపీ వస్తోంది, కొందరికి మాత్రం ఇంకా పాత సైటే కనిపిస్తోంది, మూసిన టికెట్ మళ్లీ తెరిచారు. టెన్షన్ పడకు. నీకొచ్చిన జవాబులోనూ తప్పు లేదు, వాళ్లూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరు ఎవరిని అడిగారో తేలితే చిక్కు విడిపోతుంది.

ముందు, బాగా నడుస్తున్న డొమైన్ ఒకటి తీసుకుని దారంతా చూడు. తెలుగు వికీపీడియా పేరిచ్చి, డిగ్‌కి ప్లస్‌ట్రేస్ (పైనుంచి ఒక్కో మెట్టూ చూపించే ఆప్షన్) కలిపి అడుగు. అర్థంకాని పొడుగాటి వరుసలు వస్తే అవి డీఎన్ఎస్‌సెక్ సంతకాలు, జవాబు అసలైనదేనని రుజువు చేసేవి. ప్లస్‌నోడీఎన్ఎస్‌సెక్ అంటే పోతాయి. మొదట నీ రిజాల్వర్ (నీ తరఫున అడిగి జవాబు తెచ్చిపెట్టే సర్వర్) అన్నిటికంటే పైమెట్టైన రూట్ సర్వర్ల పేర్లిస్తుంది, ఏ నుంచి ఎం దాకా 13. అక్కణ్నుంచి డిగ్ తనే ఒక్కొక్కరినీ అడుగుతూ పోతుంది. రూట్‌కి వికీపీడియా సంగతి తెలియదు, డాట్ ఆర్గ్ సర్వర్లను అడగమంటుంది. వాళ్లు వికీమీడియా నేమ్ సర్వర్ల పేర్లు చెబుతారు. అసలు జవాబు అక్కడ దొరుకుతుంది. అదీ నేరుగా ఐపీ కాదు, డైనా డాట్ వికీమీడియా డాట్ ఆర్గ్ అనే ఇంకో పేరు. దాని ఐపీ అడిగే చోటును బట్టి మారుతుంది. మనకు మామూలుగా సింగపూర్ డేటా సెంటర్‌ది వస్తుంది, డల్లాస్‌లో మీ అక్క అడిగితే అమెరికాలోది. అందుకే రెండు చోట్ల రెండు ఐపీలు కనిపించగానే ఏదో పాడైందనుకోకు.

ప్రతి మెట్టు చివర 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరుస ఉంటుంది. ఎంతమందికి చెప్పినా దాన్ని చదవరు. ఆ జవాబు ఏ సర్వర్ నుంచి వచ్చిందో చెప్పేది అదొక్కటే. ట్రేస్ ఎక్కడ ఆగిందో కూడా అక్కడే తెలుస్తుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ పడిపోయినప్పుడు రూట్, డాట్ కామ్ మెట్లు చక్కగా పలికాయి. ఫేస్‌బుక్ సొంత నేమ్ సర్వర్లకు వెళ్లే దారులే ఇంటర్నెట్‌లో లేకుండా పోయాయి, చివరి మెట్టు దగ్గర అందరూ ఆగిపోయారు.

ఇప్పుడు నిన్ను తప్పుదారి పట్టించే సంగతి. ట్రేస్ నీ రిజాల్వర్ క్యాష్‌లోని (ముందే తెచ్చి దాచుకున్న) జవాబును చూడదు. కస్టమర్‌కి వచ్చేదేమో వాళ్ల రిజాల్వర్ క్యాష్‌లోది. అందుకే ట్రేస్ శుభ్రంగా ఉన్నా ఫోన్లు ఆగవు. ఇంకొకటి, దారిలో తగిలే నేమ్ సర్వర్ల ఐపీలను ట్రేస్ నీ మామూలు రిజాల్వర్‌నే అడిగి తెలుసుకుంటుంది, పైవాళ్లిచ్చిన గ్లూ రికార్డును (నేమ్ సర్వర్ పేరుతో పాటు పైమెట్టు ఇచ్చే దాని ఐపీని) పట్టించుకోదు. గ్లూలో పాత ఐపీ మిగిలిపోయినా ట్రేస్‌లో అంతా బాగానే కనిపిస్తుంది.

కాబట్టి ఆ మెట్లను ట్రేస్ లేకుండా నువ్వే ఒక్కొక్కటిగా అడుగుతూ నడువు. డాట్ కామ్ సర్వర్‌ని పేరుపెట్టి, ప్లస్‌నోరికర్స్ (ఇంకెవరినీ అడక్కుండా తనకు తెలిసిందే చెప్పమని) కలిపి, మీ డొమైన్ గురించి అడుగు. కింద అడిషనల్ భాగంలో గ్లూ ఐపీలు కనిపిస్తే సరిచూడు. తర్వాత ఆ జాబితాలోని ప్రతి సర్వర్‌నీ విడివిడిగా అడుగు. ఒకటి బాగుందని మిగతావి వదిలేయకు. జవాబులో ఏఏ ఫ్లాగ్ (ఇది అధికారిక జవాబు అనే గుర్తు) ఉండాలి. లేదంటే ఆ సర్వర్ దగ్గర మీ జోన్ (డొమైన్ రికార్డులన్నీ ఉండే జాబితా) లోడ్ కాలేదన్నమాట. జోన్ సీరియల్ నంబర్లు (జోన్ మార్చినప్పుడల్లా పెంచేవి) అన్నిటిలో ఒకటేనా అని ప్లస్‌ఎన్ఎస్‌సెర్చ్‌తో ఒక్కసారే చూడొచ్చు. ఎక్కడైనా సర్వ్‌ఫెయిల్ (జవాబివ్వలేనన్న ఎర్రర్) వస్తే ప్లస్‌సీడీతో (సంతకాలు సరిచూడొద్దని) మళ్లీ అడుగు. అప్పుడు జవాబొస్తే తప్పు డీఎన్ఎస్‌సెక్‌లో ఉంది. రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసిన సంస్థ) దగ్గర పాత డీఎస్ రికార్డు (ఆ సంతకాల తాళంచెవి గుర్తు) మిగిలిందేమో చూడు, నేమ్ సర్వర్లు మార్చినప్పుడు జనం మరిచిపోయేది దాన్నే.

ఆ తర్వాత పాత నేమ్ సర్వర్లను కూడా అడుగు. నా అనుమానమంతా వాటిమీదే. అవింకా బతికే ఉండి, పాత ఐపీనే ధీమాగా, ఏఏ ఫ్లాగ్‌తో సహా ఇస్తూ ఉంటాయి. డాట్ కామ్ సర్వర్లిచ్చే డెలిగేషన్ (ఫలానా నేమ్ సర్వర్లను అడగమనే జవాబు) టీటీఎల్, అంటే క్యాష్‌లో ఉంచుకునే గడువు, 172800 సెకన్లు, అంటే రెండు రోజులు. పాత జోన్‌లో ఉన్న ఎన్ఎస్ (నేమ్ సర్వర్) రికార్డుకు మళ్లీ వేరే టీటీఎల్ ఉంటుంది, చాలా రిజాల్వర్లు దాన్నే పాటిస్తాయి. అది తీరేదాకా కొందరు పాతవాళ్ల గుమ్మానికే వెళ్తారు.

ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) రిజాల్వర్లు సాధారణంగా బయటివాళ్లకు పలకవు. ఫోన్ చేసిన మనిషి చేతే అడిగించాలి. విండోస్‌లో డిగ్ ఉండదు, అలాంటిదే ఎన్ఎస్‌లుకప్ ఉంటుంది, ఓపిగ్గా టైప్ చేయించు. వాళ్లకు పాత ఐపీయే వస్తే, వెంటనే పాత సర్వర్లలోని జోన్‌లో కొత్త ఐపీ పెట్టించు. ఆ సర్వర్లను ఆపేయమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకు, పాత ఎన్ఎస్ రికార్డు టీటీఎల్, ఆ రెండు రోజులు, వీటిలో ఏది పెద్దదైతే అంతసేపు నడవనివ్వాలి. టికెట్‌లో ఏ సర్వర్ ఎన్ని గంటలకు ఏం చెప్పిందో వరుసగా రాసిపెట్టు. ఆ ఎన్ఎస్‌లుకప్ ఫలితం నాకూ పంపించు, కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న