టెక్ సందేహాలు: మూలన పడ్డ వీడియో గేమ్ మిషన్‌కు ప్లగ్ పెట్టే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీదే ఉన్నాయి. ఒకప్పుడు పార్లర్లో నిలబడి ఆడిన పెద్ద వీడియో గేమ్ మిషన్లను కొందరు ఇంటికి తెచ్చుకుంటున్నారు. వాటిని ఎలా నడపాలి, ఎలా కాపాడుకోవాలి అని అడుగుతున్నారు. ఇలాంటి మిషన్లో చెక్క, బటన్లు, స్పీకరు, పవర్ సప్లై అన్నీ కొత్తవి దొరుకుతాయి. పాత గేమ్ బోర్డు, పిక్చర్ ట్యూబు మాత్రం ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. అందుకే ఏ పని చేసినా ముందు ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకోండి. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాను.

మా బాబాయి 1990ల్లో గేమ్ పార్లర్ నడిపారు. గోడౌన్లో ఇరవై ఏళ్లుగా పడున్న మిషన్ ఒకటి ఇంటికి తెచ్చాం. ఆన్ చేసి చూడమంటారా? – ఒక పాఠకుడు, గుంటూరు

అస్సలు వద్దు. పాత బోర్డులు ఎక్కువగా పాడయ్యేది ఈ మొదటి ఆన్‌లోనే. ముందు వెనక తలుపు తీసి టార్చి వేసి చూడండి. ఎలుకలు వైర్లు కొరికాయా, ఎక్కడైనా ఇన్సులేషన్ పెళుసుబారి రాలిందా గమనించండి. మెయిన్స్ వైరు ఎలా ఉన్నా సరే, తీసేసి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల కొత్త వైరు వేయించండి. కాయిన్ డోరు, కంట్రోల్ ప్యానెల్ ఇనుముతో చేసినవైతే అవి కూడా ఎర్త్‌కు కలిసి ఉండాలి. పిల్లల చేతులు పడేది అక్కడే.

తర్వాత గేమ్ బోర్డును బయటికి తీయండి. 1985 తర్వాత వచ్చిన బోర్డుల్లో చాలావాటికి ‘జామా’ అనే ప్రమాణం ప్రకారం 56 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, పైన 28, కింద 28. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఏ వైపు పైకి ఉందో స్పష్టంగా కనిపించాలి. కనెక్టర్ ఏడో పిన్ను దగ్గర అడ్డంగా చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండాలి. తిరగేసి పెట్టకుండా ఆపేది అదే. పాత కనెక్టర్లలో అది ఊడిపోయి ఉండొచ్చు. తిరగేసి పెడితే 12 వోల్టులు నేరుగా బటన్ల లైన్లోకి వెళ్తాయి. 5 వోల్టుల చిప్‌లు అక్కడే పోతాయి.

బోర్డు చేతికొచ్చాక బ్యాటరీ కోసం వెతకండి. హై స్కోర్లు, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి కొన్ని బోర్డుల మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. ఎస్ఎన్‌కే కంపెనీ 1990లో తెచ్చిన నియో జియో ఎంవీఎస్ మదర్‌బోర్డుల్లో ఇది మామూలే. ఇన్నేళ్లకు అది కారి ఉండే అవకాశం ఎక్కువ. దాని చుట్టూ ఉన్న రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే బ్యాటరీని కత్తిరించి తీసేయండి. కారినది క్షారం కాబట్టి దూదిపుల్లతో కాస్త తెల్ల వెనిగర్ అద్దితే విరుగుతుంది. వెంటనే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒకటి రెండు రోజులు ఫ్యాను కింద ఆరనివ్వండి. చిలుము కింద గీత తెగిపోయి ఉంటే సన్నని వైరుతో అతికించవచ్చు. ఆ పని మొబైల్ బోర్డులు రిపేరు చేసేవాళ్లకు బాగా తెలుసు.

ఇక పవర్ సప్లై. దాన్ని బోర్డుకు తగిలించకుండానే పరీక్షించాలి. పాత స్విచింగ్ సప్లైలు లోడు లేకపోతే సరైన వోల్టేజీ చూపించవు. 5 వోల్టుల లైనుకు 4.7 ఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్ తగిలించి మల్టీమీటర్‌తో కొలవండి. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, ముట్టుకోకండి. అంకె ఊగిసలాడుతుంటే ఆ సప్లైని రిపేరు చేయించడం కంటే మార్చడం మంచిది. సప్లై మంచిదని తేలాక దాని మీదున్న చిన్న స్క్రూను తిప్పి 5 వోల్టులకు కాస్త తక్కువలో ఉంచి, అప్పుడు బోర్డు తగిలించండి. మీటరు తీగల కొనలను సప్లై దగ్గర కాకుండా బోర్డు మీదే ఏదైనా చిప్ కాళ్ల దగ్గర పెట్టి కొలవండి. దారిలో వైర్లు, కనెక్టర్ కలిసి కొంత వోల్టేజీ తినేస్తాయి. బోర్డు దగ్గర 4.75కు తగ్గితే గేమ్ మధ్యలో ఆగిపోతుంది, 5.25 దాటితే చిప్‌ల ప్రాణానికే ముప్పు. స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పండి.

ఆన్ చేశాక తెర నిండా పిచ్చి అక్షరాలు, చారలు వచ్చాయని టెన్షన్ పడొద్దు. బోర్డులో చాలా భాగం బతికే ఉందని దాని అర్థం. ఆఫ్ చేసి, సాకెట్లలో ఉన్న చిప్‌లను వేలితో నెమ్మదిగా నొక్కండి. బోర్డు అంచున ఉన్న పిన్నులను ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది. పైన గాజు కిటికీ ఉన్న చిప్‌ల మీద స్టిక్కర్లు కనిపిస్తాయి, వాటిని పీకొద్దు. గేమ్ ప్రోగ్రామ్ వాటిలోనే ఉంటుంది. ఆ కిటికీలోంచి అతినీలలోహిత కాంతి చాలాకాలం తగిలితే అది చెరిగిపోతుంది.

నా దగ్గర రెండు బోర్డులున్నాయి. ముస్తఫా గేమ్ బాగానే ఆడుతోంది. ఆన్‌లైన్లో కొన్న క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డు మాత్రం తెరంతా ఒకే రంగు చూపించి ఆగిపోతోంది. బ్యాటరీ అయిపోతే గేమే పోతుందంటున్నారు, నిజమా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

నిజమే. సీపీఎస్-2 బోర్డులు 1993లో వచ్చాయి. నకళ్లు తీయకుండా క్యాప్‌కామ్ కంపెనీ గేమ్ ప్రోగ్రామ్‌ను తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసింది. దాన్ని విప్పే కీని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టింది. బ్యాటరీ పోతే కీ పోతుంది, ప్రోగ్రామ్ బోర్డులోనే ఉన్నా ప్రాసెసర్‌కు అర్థం కాదు. కలెక్టర్లు దీన్ని సూసైడ్ బ్యాటరీ అంటారు. ఆ సంస్థ దగ్గర ఈ బోర్డులకు సర్వీసు ఆగిపోయినా ఆ బ్యాటరీ గడియారం మాత్రం ఆగలేదు, వేల బోర్డులు అలాగే పోయాయి. డబ్బు పెట్టి కొన్న యజమానికి ఇది చేసిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

మీ బోర్డు మాత్రం దక్కుతుంది. ఆ ఎన్‌క్రిప్షన్‌ను ఔత్సాహికులు ఛేదించారు. 2016 నుంచి చిన్న ఆర్డ్వినో లాంటి సర్క్యూట్‌తో కీని తిరిగి బోర్డులోకి ఎక్కించే పద్ధతి కూడా అందుబాటులో ఉంది. కొత్త బ్యాటరీ వేసి ఆ పని చేయించుకుంటే గేమ్ అసలు ప్రోగ్రామ్‌తోనే నడుస్తుంది. ఇంకా బతికున్న సీపీఎస్-2 ఏదైనా కొంటే, అది బాగున్నప్పుడే బ్యాటరీ మార్చండి. ఇది సగం పెన్సిల్ సెల్ సైజులో ఉండే 3.6 వోల్టుల లిథియం సెల్, ఛార్జ్ చేసే రకం కాదు. పాతది తీసే ముందు ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) గుండా తాత్కాలికంగా మరో 3.6 వోల్టులు అందించి, అప్పుడు మార్చాలి. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లే ముట్టుకోవాలి.

మీ ముస్తఫా సంగతి. అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’, అదీ క్యాప్‌కామ్‌దే, 1993లోదే. అసలైన బోర్డులో దానికీ బ్యాటరీ మీద ఆధారపడే చిప్‌లున్నాయి. మన పార్లర్లలో తిరిగినవి మాత్రం చాలావరకు నకలు బోర్డులు. కంపెనీ పేరు లేకపోయినా, చిప్‌ల మీద అంకెలు గీకేసి ఉన్నా మీది అదే అనుకోండి. నకలు చేసినవాళ్లు ఆ రక్షణను తీసేశారు కాబట్టి దానికి బ్యాటరీ భయం లేదు. మీ ముస్తఫా ఇన్నేళ్లు నిలబడటానికి కారణం అదే అయ్యుండొచ్చు. నకలు అని తీసిపారేయకండి, మన ఊళ్లలో ఈ ఆట ఎలా ఆడారో చెప్పే వస్తువు అదే.

మా మిషన్ తెర మీద మధ్యలో ఒక అడ్డ గీత తప్ప బొమ్మ రావడం లేదు. ట్యూబు తీసేసి ఎల్సీడీ పెట్టమని ఒక మెకానిక్ సలహా ఇచ్చారు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ట్యూబుకు ఏమీ కాలేదు. గీత వెలుగుతోందంటే ట్యూబు బతికే ఉంది, బొమ్మను పైకీ కిందికీ సాగదీసే వర్టికల్ భాగం పనిచేయడం లేదంతే. ఆ భాగంలోని ఐసీ (చిప్), దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లు, పగిలిన సోల్డర్ అతుకులు, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఖర్చు పెద్దగా ఉండదు. బాగయ్యేదాకా మిషన్ ఆన్‌లో ఉంచొద్దు. ఆ ఒక్క గీత మీదే కాంతంతా పడి అక్కడి ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) కాలిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

మీరు మాత్రం చేయి పెట్టకండి. ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ఆఫ్ చేశాకా చాలాసేపు నిలిచే ఉంటుంది. పాత కలర్ టీవీలు బాగుచేసిన మెకానిక్‌ను వెతికి పట్టుకోండి. ఎల్ఓటీ (ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్), చాసిస్ (ట్యూబును నడిపే సర్క్యూట్ బోర్డు) అంటే ఏమిటో వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. రిటైరై ఇంట్లో ఉన్నవాళ్లు చాలామంది ఇలాంటి పని ఇష్టంగా చేసి పెడతారు. వాళ్లతో పాటే ఈ విద్య పోతోంది, కాబట్టి వీలైతే మీ ఇంట్లో కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టండి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు వెతకొచ్చు.

ఒక్క జాగ్రత్త మెకానిక్‌కు ముందే చెప్పండి. పాత చాసిస్‌లు కొన్నింటిలో గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. గేమ్ బోర్డు అలా ఉండదు. మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా రెండూ కలిపితే బోర్డు కాలిపోతుంది, మనుషులకూ షాక్ కొడుతుంది. మిషన్ అడుగున బరువుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎందుకూ పనికిరాదని తీసేస్తుంటారు, తీయనివ్వకండి.

నిజంగానే ట్యూబు పోతే ఎల్సీడీ తప్పదు. గేమ్ బోర్డు పంపే సిగ్నల్ 15.7 కిలోహెర్ట్జ్, కంప్యూటర్ మానిటర్లలో ఎక్కువ భాగం 30కి తక్కువ తీసుకోవు. మధ్యలో కన్వర్టర్ కార్డు కావాలి. బోర్డు రంగుల సిగ్నల్ వీజీఏ సిగ్నల్ కంటే బలంగా ఉంటుంది, కార్డు మీదున్న కంట్రోళ్లు బాగా తగ్గించి మొదలుపెట్టండి. మీది సముద్రం గాలి తగిలే ఊరు. మిషన్‌ను కిటికీ పక్కన పెట్టకండి. వాడినా వాడకపోయినా వారానికోసారి అరగంట ఆన్ చేస్తే లోపలి తేమ ఆరుతుంది.

డాలస్‌లో మా ఇంట్లో 1982 నాటి మిస్ ప్యాక్-మ్యాన్ మిషన్ ఉంది. వచ్చే ఏడాది విజయవాడ వచ్చేస్తున్నాం. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆట నెమ్మదిస్తుందా? – ఒక పాఠకుడు, టెక్సాస్

నెమ్మదించదు. ఆట వేగం బోర్డు మీదున్న క్రిస్టల్ నిర్ణయిస్తుంది, ఇంటి కరెంటుతో దానికి సంబంధం లేదు. ఇబ్బంది పెట్టేది ట్రాన్స్‌ఫార్మర్. 230ని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 500 వీఏది తీసుకోండి. దానితో వోల్టేజీ కుదురుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. 60 హెర్ట్జ్ కోసం చుట్టిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది. మన ఎండాకాలంలో గంటల తరబడి ఆడించకండి. మిషన్ పైన పేరు బోర్డు లైటులోని ట్యూబ్‌లైట్, చోక్ తీసేసి ఎల్ఈడీ వేయండి.

ఈ మిషన్లో ప్రత్యేకమైన బలహీనత ఒకటుంది. మామూలుగా బోర్డుకు సిద్ధంగా 5 వోల్టులు అందుతాయి. ఇందులో మాత్రం 7 వోల్టుల ఏసీ కరెంటు అంచు కనెక్టర్ గుండా బోర్డులోకి వచ్చి అక్కడ డీసీగా మారుతుంది. అంత కరెంటు సన్నని పిన్నుల మీదుగా పోవడంతో కొన్నేళ్లకు అవి నల్లగా మాడతాయి. బోర్డు బయటికి లాగి చూస్తే ఆ మాడిన గుర్తులు కనిపించే అవకాశం ఎక్కువ. బయలుదేరే ముందే అక్కడ కొత్త కనెక్టర్ వేయించండి, అమెరికాలో ఆ భాగం తేలిగ్గా దొరుకుతుంది. ఇక్కడికొచ్చాక స్విచింగ్ సప్లై కిట్ పెట్టుకుంటే వేడి, ఫ్రీక్వెన్సీ రెండు బాధలూ చాలావరకు తీరతాయి. పాత సప్లైని పారేయకుండా మిషన్ అడుగునే ఉంచండి.

బోర్డును షిప్‌మెంట్‌లో పంపకండి, యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టి చేతి సామానులో తెచ్చుకోండి. ట్యూబు మెడ చాలా సున్నితం, దాని చుట్టూ ఏదీ తగలకుండా ప్యాక్ చేయించండి. ఇక్కడికి రాగానే తెర మూలల్లో రంగుల మచ్చలు కనిపించొచ్చు. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి మారుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఒకసారి డీగాస్ చేయిస్తే, అంటే ట్యూబుకు పట్టిన అయస్కాంతత్వాన్ని తీయిస్తే పోతాయి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఇంట్లోనే మిషన్ కట్టుకున్నాను. ప్యాక్-మ్యాన్ ఆడితే మలుపుల దగ్గర బొమ్మ తిరగడం లేదు. బటన్లు కూడా అప్పుడప్పుడూ పట్టడం లేదు. – ఒక విద్యార్థి, వరంగల్

ప్యాక్-మ్యాన్ నాలుగు దిక్కుల ఆట, మీ జాయ్‌స్టిక్ ఎనిమిది దిక్కులది. మూలకు తగిలినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుని గేమ్ తికమక పడుతుంది. జాయ్‌స్టిక్ కింద ప్లాస్టిక్ గేటు ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని తిప్పి నాలుగు దిక్కులకు మార్చుకోవచ్చు. ఫైటింగ్ గేమ్ ఆడేటప్పుడు మళ్లీ వెనక్కి తిప్పుకోండి.

బటన్ల కింద ఉన్న మైక్రోస్విచ్‌లను మల్టీమీటర్ బజర్‌తో ఒక్కొక్కటే పరీక్షించండి. పట్టనిదాన్ని మార్చేయండి, రిపేరు చేసేంత ఖరీదు కాదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టొద్దు, వాటి జిడ్డుకు దుమ్ము అంటుకుని నెలలోపే మళ్లీ మొరాయిస్తాయి. స్విచ్ కాళ్లకు తగిలించిన క్లిప్పులు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. ముందు వాటిని ప్లయర్‌తో కాస్త బిగించి చూడండి.