ఇంటి మాట మైకు ముందుకు వెళ్లినప్పుడు

ప్రశ్న: నా వయసు 45. మాది భీమవరం. మావారు రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో 19 ఏళ్లు పనిచేసి, జనరల్ మేనేజర్‌గా ఉండగా ఎనిమిది నెలల క్రితం రాజీనామా చేశారు. కంపెనీ కారు వెనక్కి వెళ్లిపోతున్న రోజున డ్రైవరు చెబితే ఆ సంగతి నాకు తెలిసింది. తరువాత సొంత డబ్బుతో ఒక నవల 500 కాపీలు అచ్చు వేయించారు. వారం వారం పాడ్‌కాస్ట్ చేస్తున్నారు. అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, ఇంటి లోను ఇంకా ఆరేళ్లు కట్టాలి, అత్తగారికి షుగరు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. కానీ ఈ మధ్య ఒక ఎపిసోడ్‌లో, మా అన్నయ్య రొయ్యల చెరువులు వైట్‌స్పాట్ తెగులుతో పోయినప్పుడు మా అమ్మ నగలు తాకట్టు పెట్టిన సంగతి చెప్పేశారు. అది మా మేనకోడలికి చూస్తున్న సంబంధం వారి చెవిన పడింది. వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఈ సంక్రాంతికి పాలకొల్లులోని మా పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. మావారిని అడిగితే, “పేరు చెప్పలేదు కదా, బావగారి ధైర్యం గురించే చెప్పాను” అంటారు. చుట్టాలేమో అమెరికా సుంకాల దెబ్బకు ఉద్యోగం ఊడిందనుకుంటున్నారు. ఆయనను తిరిగి ఉద్యోగంలో చేరమని పట్టుబట్టాలా? లేక ఆయన ప్రతిభకు నేనే అడ్డుపడుతున్నానా? ఆ నవల నేనింకా చదవలేదు.

జవాబు:

అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలూ మీవారి ఉద్యోగం గురించీ, ఆయన ప్రతిభ గురించీ ఉన్నాయి. మీ మనసును నిజంగా గాయపరచిన విషయాలు మాత్రం ఆ ప్రశ్నలలో లేవు, ఉత్తరం మధ్యలో ఉన్నాయి. ఇంట్లో ఇంత పెద్ద నిర్ణయం జరిగిందని మీకు డ్రైవరు చెప్పవలసి రావడం ఒకటి, మీ పుట్టింటి గుట్టు మిమ్మల్ని అడగకుండానే బయటకు పోవడం మరొకటి. ఆయన రేపే ఉద్యోగంలో చేరిపోయినా ఈ రెండూ మానవు కనుక, ఉద్యోగం సంగతి ముందుగా పక్కన పెట్టి చూద్దాం.

ఎగుమతి కంపెనీలో ఆ హోదా ఎలాంటిదో మీరు దగ్గర నుంచి చూసినవారే. చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున రాత్రంతా సరుకు దిగుతుంది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) తేడా వస్తే రైతు ఒకవైపూ కొనుగోలుదారు మరొకవైపూ నిలదీస్తారు, అమెరికావారికి తెల్లవారే వేళకు మనకు చీకటి పడుతుంది, యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని ఒక కంటైనరు వెనక్కి వచ్చిందంటే ఆ నిద్రలేమి నెల రోజులు ఉంటుంది. పంతొమ్మిదేళ్లు ఆ బరువు మోసిన మనిషి దానిని దించుకోవాలనుకోవడం తప్పు కాదు. దించుకునే ముందు ఆ ఇంట్లో సగం బరువు మోస్తున్న మీతో ఒక్క మాట అనకపోవడం మాత్రం తప్పే, దానిని నేను తేలికగా తీసుకోను. వద్దంటారని భయపడి చెప్పలేదేమో. అయినా ఆ భయాన్ని ఆయన మీ ముందు ఒప్పుకోవాలి, మీరు ఆ మాట ఆయన నోటి నుంచి వినాలి.

చుట్టాల నోళ్లు మూయించడానికి ఆయనను తిరిగి ఉద్యోగంలోకి పంపకండి. మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది 2025 ఆగస్టు ఆఖరులో, మీవారు రాజీనామా చేసింది అంతకు ముందే. “ఆయనంతట ఆయనే మానేశారు, నవలలు రాసుకుంటున్నారు” అని నిదానంగా ఒకసారి చెప్పండి. రెండోసారి అడిగినవారికి జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు.

రాయాలంటే జీతం వదులుకోవాల్సిందేనా అనే సందేహం మీకుంటే, మీ ఊరే దానికి ఒక జవాబు చెబుతుంది. పాలగుమ్మి పద్మరాజు గారు భీమవరం కాలేజీలో రసాయనశాస్త్రం పాఠాలు చెబుతున్న కాలంలోనే కథలు రాశారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి ఆయన తెలుగు కథకే వచ్చింది. మీవారిని దెప్పడానికి ఈ మాట వాడవద్దని కోరుతున్నాను, ఎందుకంటే కాలేజీ పనివేళలు వేరు, కంటైనర్ల పనివేళలు వేరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, ఉద్యోగానికీ రచనకూ మధ్య చాలా దారులున్నాయి. సరుకు నాణ్యత, పరీక్షలు, ఎగుమతి కాగితాలు ఇంత లోతుగా తెలిసిన మనిషి అవసరం మీ చుట్టుపక్కల చిన్న ప్రాసెసింగ్ ప్లాంట్లకు ఎప్పుడూ ఉంటుంది. వారానికి రెండు రోజులు సలహాదారుగా వెళ్లి మిగిలిన రోజులు రాసుకోవడానికి ఆయన ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.

అయితే అంతకు ముందు ఒక సాయంత్రం ఇద్దరూ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోవాలి. పంతొమ్మిదేళ్ల సర్వీసుకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన, దాదాపు 11 నెలల మూలవేతనం గ్రాట్యుటీగా వచ్చి ఉండాలి. చట్టం ప్రకారం దానికి 20 లక్షల పరిమితి ఉంది. ఆ సొమ్ము వచ్చిందా, వస్తే అందులో అచ్చు ఖర్చుకూ మైకులకూ ఎంత పోయింది, లోను కట్టడానికీ అబ్బాయి ఫీజులకూ ఎంత మిగిలింది అన్నది మీకు తెలియాలి. ప్రావిడెంట్ ఫండు జోలికి వెళ్లకుండా ఎన్ని నెలలు నెట్టుకురాగలరో కూడా ఆ కాగితం మీదే తేలాలి. నవల ధర 250 రూపాయలనుకున్నా, 500 కాపీలూ అమ్ముడైతే మొత్తం 1,25,000 రూపాయలు. పుస్తకాల దుకాణాల కమిషన్, కొరియరు, అచ్చు ఖర్చు పోగా మిగిలేది లోను వాయిదాలకు ఏ మూలకూ చాలదు. పాడ్‌కాస్ట్ మీద వచ్చే ఆదాయాన్ని చేతికి వచ్చేదాకా లెక్కలో వేయకండి. ఈ అంకెలు ఆయనను చిన్నబుచ్చడానికి కాదు. ఇన్నాళ్లూ ఆయన ఒక్కరే చూస్తున్న లెక్క ఇకమీదట ఇద్దరూ చూడాలి, అంతే.

అన్నిటికంటే తొందరగా చూడవలసింది మీ అత్తగారి ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే ముగుస్తుంది. కొత్త పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వరకూ వేచి ఉండే గడువు పెట్టవచ్చు. ఆ గడువు పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది కనుక, ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. షుగరు సంగతి దాచకుండా రాసి ఈ వారమే తీసుకోండి.

ఇప్పుడు మీ అన్నయ్యగారి విషయానికి వస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే.

చెరువులో వైట్‌స్పాట్ వస్తే కొద్ది రోజుల్లోనే పంటంతా పోతుంది. మేత, సీడు (రొయ్యపిల్లలు), నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు, లీజు, అన్నీ చాలామందికి అప్పు మీదే నడుస్తాయి. అటువంటి స్థితిలో ఊరు వదిలి పోకుండా, తల్లి మెడలోని నగలు తాకట్టు పెట్టి అప్పులవారికి ఎదురుగా నిలబడటం నిజంగా ధైర్యమే. మీవారు ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నారని నేను నమ్ముతున్నాను. కానీ ఆ రోజు మీ అన్నయ్యగారు పడిన అవమానం, మీ అమ్మగారు మెడలోంచి తీసి ఇచ్చిన ఆ క్షణం, ఎవరికి ఎప్పుడు చెప్పుకోవాలన్నది వారిద్దరి ఇష్టం. ఇంటి అల్లుడిగా దగ్గర ఉండి చూసినందుకు, కష్టంలో తోడు నిలబడినందుకు మీవారికి ఆ సంగతి తెలిసింది. నమ్మకం మీద తెలిసిన సంగతిని పొగడటానికి వాడినా సరే, ముందుగా అడగవలసిందే.

“పేరు చెప్పలేదు” అన్న మాట మన ప్రాంతంలో చెల్లదు. పాలకొల్లు దగ్గర, ఇన్ని ఎకరాల చెరువులు, మా బావగారు అంటే పేరూ ఇంటిపేరూ చెప్పినట్టే. పైగా ఈ విషయం నవలా రచయితకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. నవలలో ఊరు మార్చవచ్చు, చెరువును కొబ్బరితోట చేయవచ్చు, బావగారిని పెదనాన్నను చేయవచ్చు, అప్పుడు ఆ బాధ మిగులుతుంది కానీ మనిషి గుర్తుపట్టబడడు. పాడ్‌కాస్ట్‌లో మాట్లాడేది సొంత గొంతుతో, సొంత చుట్టరికంతో. అక్కడ కల్పన అనే తెర లేదు. ఈ తేడాను ఆయన మరచిపోయారు. కంపెనీలో కొనుగోలుదారుడి ధరను బయట ఎవరికీ చెప్పకుండా పంతొమ్మిదేళ్లు కాపాడిన మనిషికి ఈ మాట కోపం లేకుండా చెబితే అర్థమవుతుంది.

అందుచేత మీరు పట్టుబట్టవలసిన విషయం ఉద్యోగం కాదు, ఈ ఎపిసోడ్. దానిని ఆయన వెంటనే తీసివేయాలి, లేదా ఆ భాగం కోసివేసి మిగిలినదే తిరిగి పెట్టాలి. ఆయన ఖాతాలో అది కొద్ది నిమిషాల పని. ఇప్పటికే తమ ఫోన్లలో దించుకున్నవారి దగ్గర అది ఉండిపోవచ్చు, కానీ ఇకమీదట వినేవారి సంఖ్య ఆగుతుంది, మీ అన్నయ్యగారికి తన మాటకు విలువ ఉందని తెలుస్తుంది. ఎందుకు తీసివేశారో తరువాతి ఎపిసోడ్‌లో వివరించే ప్రయత్నం మాత్రం చేయవద్దని చెప్పండి. ఆ వివరణ విన్నవారు పాతది వెతుక్కుంటారు.

ఇక మీ గురించి ఒక మాట అంటాను, కష్టపెట్టుకోకండి. నవల చదవలేదని ఉత్తరం చివర ఒక్క వాక్యం రాశారు. అది కోపంతోనే మూసి ఉంచారని గ్రహించాను, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ పుస్తకంలో ఏముందో తెలియకుండా ఆయన ప్రతిభకు అడ్డమా కాదా అన్న ప్రశ్నకు మీరూ జవాబు చెప్పలేరు, నేనూ చెప్పలేను. అందులో మీ పుట్టింటి ఛాయలు ఇంకేమైనా ఉన్నాయేమో కూడా ఇతరుల కంటే ముందు మీకే తెలియాలి. చదివి నచ్చితే నచ్చిందనీ, నచ్చకపోతే ఏ పేజీ దగ్గర నచ్చలేదో చెప్పండి. ఇన్ని నెలలుగా ఆయన ఎదురుచూస్తున్న పాఠకురాలు మీరేనేమోనని నాకనిపిస్తోంది. అది మీ చేతిలోనే ఉంది, చిన్న విషయం కాదు.

ఇకముందు ఒక ఏర్పాటు చేసుకోండి. ఆయన తన గురించి, కంపెనీ రోజుల గురించి, రొయ్యల వ్యాపారం గురించి ఏం మాట్లాడుకున్నా మీరు జోక్యం చేసుకోనక్కరలేదు. అబ్బాయి, అత్తగారు, మీ పుట్టింటివారు ఇందులోకి వచ్చిన ప్రతిసారీ, ప్రసారానికి ముందు ఆ మనిషికి వినిపించాలి. ఆ మనిషి వద్దంటే ఆ ముక్క ఉండకూడదు.

పాలకొల్లు వెళ్లవలసింది ఆయన, మీరు తోడుగా వెళ్లండి. ఎపిసోడ్ తీసివేసిన తరువాతే వెళ్లాలి, ముందు కాదు. అక్కడ “బావగారి ధైర్యం గురించే చెప్పాను” అన్న వాక్యం ఆయన నోట రాకూడదు, “మిమ్మల్ని అడగకుండా చెప్పాను, తప్పు చేశాను” అన్నంతవరకే చాలు. మీ అమ్మగారికి విడిగా చెప్పాలి, ఆ నగలు ఆవిడవి. పెళ్లి సంబంధం వారి దగ్గరకు మీవారు తనంతట తాను వెళ్లి సర్దిచెప్పబోవద్దు. వెళ్లమంటారా, ఊరుకోమంటారా అని మీ అన్నయ్యగారినే అడిగి, ఆయన ఎలా చెబితే అలా చేయాలి. వదినగారు మొదటిసారి లోపలికి రమ్మనకపోవచ్చు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వచ్చేయండి, పదిహేను రోజులాగి మళ్లీ వెళ్లండి. ఏం జరిగిందో నాకు రాయండి.