పొలమారిందా అని అడుగు

అమ్మలూ,

కావలిలో పిల్లల క్లినిక్ పెడుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మను నిద్ర లేపాను. తెల్లారేసరికి మాత్రం గుబులు మొదలైంది. ముప్పై ఏళ్లు నేను ప్రాక్టీసు పెట్టుకుని కూర్చున్న ఊరు కదా అది. అందుకే ఈ ఉత్తరం.

రిజిస్ట్రేషన్ కాగితాలు ముందే చూసుకో. బాత్రూం శుభ్రంగా ఉంచు. అద్దె సంగతి మీ నాన్నకు వదిలెయ్, బేరంలో వాణ్ణి మించినవాడు లేడు. ఇక అసలు సంగతి. ఇదీ తెలుసనే అంటావు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటావు. నేనూ తెచ్చుకున్నాను.

1995లో, శనక్కాయ పీకే రోజుల్లో, బోగోలు వైపు పల్లె నుంచి ఒకామె రెండేళ్ల కొడుకును తీసుకొచ్చింది. దగ్గు, కాస్త పిల్లికూతలు. యాంటీబయాటిక్, దగ్గుమందు రాశాను. వారంలో తగ్గింది. మళ్లీ జ్వరంతో వచ్చారు, ఎక్స్‌రేలో కుడివైపు కింద నిమ్ము. ఇంజెక్షన్లతో అదీ తగ్గింది. మూడోసారీ అదే వైపు, అదే చోట. అప్పుడైనా నా బుర్ర పనిచెయ్యొద్దూ? ఉబ్బసం అనుకున్నాను. తర్వాత ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకొచ్చే టీబీ, అనుకుని ఆ మందులు మొదలుపెట్టాను. మధ్యలో స్టెరాయిడ్ పడినప్పుడల్లా పిల్లాడు తేరుకునేవాడు. నేను దారి తప్పింది అక్కడే.

వచ్చిన ప్రతిసారీ వాళ్ల వెంట ఏడెనిమిదేళ్ల అక్క ఉండేది. గళ్ల గౌను, రిబ్బన్ ఊడిన జడ. బెంచీ చివర కూర్చుని కాళ్లు ఊపుతుండేది. నేను ఒక్కసారి కూడా దానివైపు చూసి మాట్లాడలేదు. ఐదోసారి మా నర్సమ్మ ఉడకబెట్టిన శనక్కాయలు తింటూ దాని చేతిలో నాలుగు పోసి, తమ్ముడికీ రెండు ఇవ్వబోయింది. ఆ పిల్ల గబుక్కున లాగేసుకుంది.

"వాడికొద్దు, మళ్లీ పొలమారుద్ది."

మందులచీటీ సగం రాసి ఉన్నాను. "మళ్లీ ఏందమ్మా?" అన్నాను. ఏడుపు అందుకుంది. కయ్యలో అమ్మ కాయ పీకుతుంటే గట్టు మీద తమ్ముణ్ణి ఆడిస్తూ గింజలు ఒలిచి పెట్టిందట. వాడు నవ్వుతుండగా పొలమారింది, ముఖం నల్లబడింది, దగ్గీ దగ్గీ ఊరుకున్నాడు. నాయనమ్మ వచ్చి ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి పోయింది. కొడతారని ఈ పిల్ల గింజల మాట చెప్పలేదు.

మర్నాడే పినాకిని రైలెక్కించి మద్రాసు పంపాను. మత్తిచ్చి, రిజిడ్ బ్రాంకోస్కోప్, అదే ఊపిరిగొట్టం లోపల చూసే గట్టి గొట్టం, నోట్లోంచి వేసి, కుడి ఊపిరిగొట్టంలోంచి అరగింజ తీశారు. నానిపోయి ఉందట, చుట్టూ కండ పెరిగి, తగిలితే నెత్తురు కారిందట. వారం తర్వాత వాళ్ల నాన్న దాన్ని చిన్న సీసాలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. మూడు నెలలు లోపలే ఉండిపోయింది కదా, ఊపిరితిత్తి కింది భాగం పాడైంది. ఆ తర్వాత ఏటా చలికాలం వాడికి కఫం, దగ్గు. నువ్వు చెప్పబట్టే తమ్ముడు దక్కాడని ఆ పిల్లకు చెప్పాను. నమ్మిందో లేదో.

జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు ఊపిరిగొట్టంలోంచి ఎముక ముక్క తీసింది 1897లో. దాదాపు నూరేళ్ల తర్వాత కూడా కావలిలో నేను ఒక ప్రశ్న అడగలేకపోయాను.

కాబట్టి "ఎన్నాళ్ల నుంచి దగ్గు?" అని అడిగి ఊరుకోకు. మొదటిసారి దగ్గినప్పుడు ఏం చేస్తున్నాడు, నోట్లో ఏముంది, పొలమారిందా, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ అడుగు. ఆ పక్కనున్న మనిషి రాకపోతే ఫోన్ చేయించు. చిన్నపిల్లల్ని అడిగేటప్పుడు గొంతు తగ్గించు. నీది మీ నాయనమ్మ గొంతు, మంచిమాట చెప్పినా తిట్టినట్టే ఉంటుంది. పొలమారిన పిల్లాడు తర్వాత గంటలు, రోజులు ఏమీ లేనట్టే ఆడుకుంటాడు, నయమైందనుకోకు. గాలి ఒకవైపే తక్కువ వినబడినా, నిమ్ము అదే చోటికి రెండోసారి వచ్చినా నాలా మందు మార్చుకుంటూ కూర్చోవద్దు. శనక్కాయ గింజ ఎక్స్‌రేలో కనబడదు. ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్మ్‌లో ఒకవైపు ఉబ్బే ఉంటే అది గుర్తు. ఫిల్మ్ మామూలుగా ఉన్నా, పొలమారిన కథ గట్టిగా ఉంటే పంపించెయ్. లోపల ఏమీ లేదని తిరిగొస్తే నవ్వేవాళ్లను నవ్వనీ.

తల్లులకు బొమ్మ పెట్టి చూపించు. బిడ్డ దగ్గగలిగితే దగ్గనివ్వాలి. ఊపిరాడక, గొంతు పెగలకపోతే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి బోర్లా వేసి వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్య ఐదు నొక్కులు. కనబడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలు పొడి చేసే పెట్టమను. చింతగింజలు, సీతాఫలం గింజలు, పెన్ను మూతలు అందనివ్వొద్దను.

ఆ సీసా ఇంకా నా బీరువాలోనే ఉంది. ప్రారంభం రోజు తెస్తాను, నీ టేబుల్ సొరుగులో పెట్టుకో.

మీ పెద్దమ్మ నీకు శనక్కాయ ఉండలు చేస్తానని బెల్లం తెప్పించింది. ఇంట్లో కూర్చుని తిను. క్లినిక్ గడప దాటించావంటే మాత్రం పెదనాన్ననని కూడా చూడను, అందరి ముందూ తిడతాను.

మీ పెదనాన్న