కిలిమంజారో మొదటిసారి: ఐదు రోజుల ప్యాకేజీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. వయసు నలభై రెండు, తిరుమల మెట్లు తప్ప మరే కొండా ఎక్కలేదు, టాంజానియాలోని కిలిమంజారోను మరంగు అనే దారిన ఐదు రోజుల్లో ఎక్కించే ప్యాకేజీ చౌకగా వస్తోంది. మొదటి రెండింటి గురించి మీరు బెంగపడుతున్నారు. బెంగపడవలసింది మూడోదాని గురించి. ఆ ప్యాకేజీ తీసుకోకండి.

నేను మచామే అనే మరో దారిలో, ఏడు రోజుల ప్రణాళికతో వెళ్ళి శిఖరం చేరాను. మీలాగే రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగమే నాదీ.

ఆంధ్రప్రదేశ్‌లో పేరున్న ఎత్తయిన కొండ అర్మకొండ, 1,680 మీటర్లు. మచామే గేటు, అంటే వ్యాను దిగి నడక మొదలుపెట్టే చోటే, దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాబట్టి ఇంటి దగ్గర ఎంత సాధన చేసినా అది కాళ్ళకూ గుండెకూ పనికొస్తుంది గానీ, పలచని గాలికి ఒంటిని అలవాటు చేయదు. ఆ అలవాటు ఆ కొండ మీదే జరగాలి. దానికి కావలసింది కండబలం కాదు, రోజులు.

పైకి వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే. తగ్గేది పీడనం. కిలిమంజారో కొసన ఉన్న 5,895 మీటర్ల ఉహురు శిఖరం మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగం. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని వైద్యులు చెబుతారు. మీ ఐదు రోజుల మరంగు ఎలా సాగుతుందో చూడండి: మొదటి రాత్రి మందారా గుడిసెల్లో 2,700 మీటర్లు, రెండో రాత్రి హొరొంబోలో 3,700, మూడో రోజు కిబోలో 4,700. కిబోలో సరిగా కునుకైనా పట్టకముందే, అర్ధరాత్రి శిఖరానికి బయలుదేరదీస్తారు. ఇది ఎవరి సౌకర్యం కోసం వేసిన లెక్కో నాకు అర్థం కాదు. గుడిసెల్లో మంచాల మీద పడుకోవచ్చన్న ఆశతోనే మరంగు కావాలనుకుంటే, హొరొంబోలో అదనంగా ఒక రాత్రి ఉంచే ఆరు రోజుల ప్యాకేజీ అడగండి.

మచామే దారిలోనూ, లెమోషో అనే ఇంకో దారిలోనూ మేలు ఏమిటంటే, మధ్యలో ఒక రోజు లావా టవర్ దాకా 4,600 మీటర్లకు ఎక్కించి, మళ్ళీ 3,900 మీటర్ల పైచిలుకున్న బరాంకోకు దింపి పడుకోబెడతారు. లావా టవర్ దగ్గర నాకు కణతలు అదిరిపోయాయి, అన్నం చూస్తే వెగటు పుట్టింది. బరాంకో చేరేసరికి రెండూ తగ్గాయి. మా బృందంలో హాఫ్ మారథాన్లు పరుగెత్తే కుర్రాడొకడు మొదటి రెండు రోజులూ అందరికంటే ముందు నడిచి, టెంటు దగ్గర కూర్చుని మా కోసం ఎదురుచూసేవాడు. గైడ్లు అతన్ని వరుసలో చివరికి పంపి, అందరికంటే నెమ్మదిగా నడిచే ఆవిడను ముందు నిలబెట్టారు. అతనికి చాలా అవమానంగా అనిపించింది. కానీ ఆ తరవాత అతని తలనొప్పి తగ్గింది. గైడ్లు రోజంతా ‘పోలే పోలే’ (స్వాహిలీలో ‘మెల్లగా, మెల్లగా’) అంటూనే ఉంటారు. మొహమాటానికి అనే మాట కాదది. నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితేనే మీ వేగం సరైనది.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా అని అడిగారు. చాలామంది వాడతారు, నేనూ వాడాను. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, రాత్రుళ్ళు మూత్రానికి మాటిమాటికీ లేవాలి. సల్ఫా మందులు పడనివారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. మందు వేసుకున్నాం గదా అని ధీమా కూడా వద్దు. కూర్చున్నప్పుడూ ఆయాసం, ఆగని దగ్గు, తడబడే నడక, పొంతన లేని మాటలు — వీటిలో ఏది కనిపించినా కిందికి దిగడమే వైద్యం. గైడు దిగమంటే వాదించకండి.

ఇక శిఖరం రాత్రి. 4,670 మీటర్ల దగ్గరున్న బరాఫూ క్యాంపులో పదకొండున్నరకు లేపి టీ, బిస్కెట్లు ఇస్తారు. బయట మైనస్ పదికి అటూ ఇటూ చలి, దానికి తోడు గాలి. ముందూ వెనకా హెడ్‌ల్యాంపుల వరుస తప్ప ఏమీ కనిపించదు. అదీ మేలే, ఇంకెంత ఎక్కాలో తెలియదు. గొట్టంతో తాగే నీళ్ళ సంచులు గడ్డకట్టి చాలామందికి పనికిరాకుండా పోయాయి. మామూలు సీసాను ఉన్ని మేజోడులో దూర్చి తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైభాగాన మొదలవుతుంది కాబట్టి మూత బిగుసుకుపోదు. ఫోను చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచకపోతే బ్యాటరీ చూస్తుండగానే అయిపోతుంది.

నాలుగు నుంచి ఐదున్నర దాకా అసలు పరీక్ష. నేను పంతొమ్మిదో ఎక్కం మనసులో చదువుకుంటూ నడిచాను. ఎక్కడైనా తప్పితే బుర్ర మందగిస్తోందని గుర్తు. (ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారమేమీ లేదు. ఇంట్లో కూడా పంతొమ్మిది ఏడుల దగ్గర తడబడతాను.) 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ చేరేసరికి మావెన్జీ శిఖరం వెనక ఎరుపు మొదలైంది. అక్కడితో అయిపోయిందనుకుని కూలబడకండి. ఉహురుకు ఇంకా ముప్పావు గంట నుంచి గంట నడక ఉంది, అయితే వాలు తక్కువ. దారి పక్కన హిమానీనదాలు కనిపిస్తాయి. 1912 నాటి మంచులో 80 శాతానికి పైగా ఇప్పటికే కరిగిపోయింది. శిఖరం బోర్డు దగ్గర ఫోటో కోసం వరుసలో నిలబడాలి. నాకైతే ఆ పది నిమిషాల్లోనే వేళ్ళు కొయ్యబారాయి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, దిగడం. అదే రోజు 3,100 మీటర్ల దగ్గరున్న మ్వేకా క్యాంపు దాకా, అంటే దాదాపు 2,800 మీటర్లు దిగాలి. బరాఫూ వరకు వదులు కంకరలో జారుతూ రావాలి. నాకు ఎక్కేటప్పటికంటే ఇక్కడే ఎక్కువ నొప్పి. అందుకే ఇంటి దగ్గర సాధనలో మెట్లు ఎక్కి లిఫ్టులో దిగే పద్ధతి మానండి. వీపున ఏడెనిమిది కిలోల సంచితో మెట్లు దిగడమే ముఖ్యం. మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది గదా అని రాశారు. 2014లో ఆ శిఖరం ఎక్కేముందు ఆమె భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందింది. మీకు అంత అక్కరలేదు గానీ, నాలుగు నెలలైనా కేటాయించండి. తిరుమల మెట్లు మంచి మొదలే. ఈసారి దిగేటప్పుడు బస్సెక్కకండి.

చలి కోట్లు, స్లీపింగ్ బ్యాగులు కొండ కింద ఉన్న మోషీ పట్నంలో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం సొంతవి, కనీసం రెండు నెలలు వాడినవి అయి ఉండాలి. బయలుదేరే ముందు కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. పైన ఆకలి చచ్చిపోతుంది కాబట్టి మీకు ఎప్పుడైనా సహించే కారప్పొడి ఒకటి పొట్లం కట్టుకోండి.

దిగిన మర్నాడే సఫారీ పెట్టుకోవచ్చు, జీపులో కూర్చోవడమే గదా. మోషీ హోటల్లో మాత్రం గది కింది అంతస్తులో అడగండి.