బూజు పట్టిన ఆకులు, లండన్ చేరిన ఆకులు

ప్రశ్న: మా అమ్మాయికి స్కూల్లో మొక్కలు ఎండబెట్టి అతికించే ప్రాజెక్ట్ ఇచ్చారు. లావుపాటి పుస్తకంలో పెట్టిన ఆకులు వారం తిరిగేసరికి బూజు పట్టేశాయి. 300 ఏళ్ల కిందట మద్రాసులో కోసిన మొక్కలు లండన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయంటారే, నెలల తరబడి ఓడలో వెళ్లి కూడా అవెలా పాడవలేదు?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: పాడవలేదని ఎవరన్నారమ్మా, పాడైనవీ బోలెడు! వాటిని తెప్పించుకున్న జేమ్స్ పెటివర్ లండన్‌లో మందుల కొట్టు నడిపేవాడు, ఇండియా ముఖం చూసినవాడు కాదు. ఓడల్లో వెళ్లే సర్జన్లనీ కెప్టెన్లనీ పట్టుకుని (వాళ్లలో బానిసల ఓడల డాక్టర్లూ ఉన్నారు) అచ్చు వేయించిన సూచనలు చేతిలో పెట్టేవాడు. పూతో కాయతో ఉన్న రెమ్మ కోయండి, కాగితాల మధ్య పెట్టండి, మధ్యమధ్య వేరే కాగితాల్లోకి మార్చండి, చిన్న జంతువులైతే సారాలో వేయండి, సారా లేకపోతే పటిక కలిపిన ఉప్పునీళ్లలో. ప్రతిఫలంగా పుస్తకాలు, మందులు పంపేవాడు, తన పుస్తకాల్లో వాళ్ల పేర్లు అచ్చేసేవాడు. పేరు అచ్చులో చూసుకోవాలనే సరదా ఎంతటిదో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చూస్తే నాకు బాగా తెలుసు.

మద్రాసు కోటలో ఆయన మనుషులు సర్జన్లు శామ్యూల్ బ్రౌన్, ఎడ్వర్డ్ బల్క్‌లీ. బ్రౌన్ పంపిన మొక్కల గురించి పెటివర్ 1698 నుంచి లండన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు, ఇక్కడి పేర్లతో సహా. వాటిని 'మలబార్' పేర్లన్నాడు, అంటే తమిళం. మన తెలుగేమో అప్పటి ఇంగ్లీషువాళ్లకి 'జెంటూ'. అన్నట్టు ఈ బ్రౌనే 1693లో, పాషాణం నూరిన కల్వంలో నూరిన మందు ఇచ్చి, పొరపాటున మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు వీలర్ ప్రాణం తీశాడు. ఆ శవాన్ని కోసి పరీక్షించింది బల్క్‌లీ!

పెటివర్‌కి పోగేయడమే తెలుసు, దాచడం రాదు. 1718లో ఆయన పోయాక సరుకంతా కొన్న లండన్ డాక్టరు హాన్స్ స్లోన్, ఇవన్నీ కుప్పలుగా పడి దుమ్ముకీ పురుగులకీ వానకీ చెడ్డాయని వాపోయాడు. స్లోన్ భద్రపరిచినవే ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

మీ పుస్తకం పేజీలు నున్నటివై ఉంటాయి, అవి తేమ పీల్చవు. పాత న్యూస్‌పేపర్లలో పెట్టి, పైన బరువుంచి, మొదటి వారం రోజూ పేపర్ మార్చండి. కలబంద లాంటి దళసరివి వద్దు. కోసిన చోటు, తేదీ రాయించండి. మొక్క పేరు ఎదురింటి పాటి (తమిళ అవ్వ) చెప్పిందనుకోండి, ఆవిడ చెప్పిన తమిళ పేరే రాయించి, పక్కన తెలుగు పేరు మీరు రాయండి.