చిల్లరలో ఎర్రర్ నాణెం వెతికేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుంచి మామ ఆశీస్సులు. చిత్తూరు నుంచి నువ్వు పంపిన నాణేల ఫోటోలు చూశాను. నీకు ఇంత ఓపిక ఉండడం చాలా సంతోషం. అయితే తేడాగా ఉన్నదల్లా ఎర్రర్ నాణెం, అంటే తయారీలోనే లోపం పడ్డ నాణెం కాదు. ఆ తేడా టంకశాలలోనే వచ్చిందా, బయటికొచ్చాక వచ్చిందా? ముందు అది తేల్చుకో.

మన ఊరి చిల్లరతో ఈ జాగ్రత్త మరీ అవసరం. ముడుపు కట్టిన పసుపు గుడ్డలో ఏళ్ల తరబడి ఉన్నదానికి మరక పడుతుంది, కోనేట్లో పడ్డదానికి మచ్చలొస్తాయి. ఆ రంగు చూసి లోహం వేరనుకోకు. చింతపండుతో తోమనూ వద్దు, మనం చూడాల్సిన సన్నగీతలే చెరిగిపోతాయి.

గీత కనిపిస్తే దీపాన్ని నాణేనికి ఒక పక్కగా ఉంచి, ఏటవాలు వెలుగులో కంసాలి లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూడు. లోపలికి దిగి ఉంటే అది ఎవరో గీసిన గీత. పైకి ఉబ్బి, అంచు నుంచి అక్షరాల మీదుగా పోతుంటే డై, అంటే నాణెం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చు, పగిలిందన్నమాట. పగుల్లోకి లోహం దూరి గట్టులా లేస్తుంది. ఆ పగులు పెరిగి డై అంచున ముక్క ఊడితే, నాణెం మీద అక్కడ బొమ్మా అక్షరమూ లేని గడ్డ మిగులుతుంది. అలాంటిది దొరికితే వదలకు.

అరుగుదల దగ్గరే చాలామంది తికమకపడతారు. 1988 నుంచి 2002 దాకా వచ్చిన ఖడ్గమృగం పావలా తీసుకో. అది స్టీలు, గట్టి లోహం కాబట్టి డైలు త్వరగా అరుగుతాయి. అరిగిన డైతో కొట్టిన పావలాలో అక్షరాలు అంచు వైపు లావెక్కి సాగుతాయి, ఖాళీ జాగా గరుకుగా ఉంటుంది, మెరుపు మాత్రం తాజాగానే ఉంటుంది. చేతులు మారి అరిగినదైతే ఎత్తుగా ఉన్న చోట్లు, సింహాల ముఖాలు, ముందు నున్నబడతాయి. డై అరుగుదలకు పెద్ద ధర రాదు, కానీ కన్ను కుదిరేది దానితోనే.

మన నాణెం పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పితే రెండో వైపు కూడా నిటారుగా ఉండాలి. బాగా ఒరిగితే డై తిరిగినట్టు. బొమ్మ కొట్టకముందే అంచు తెగిన లోహపు బిళ్ళ అయితే, తెగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు గట్టు చాలాసార్లు పలచబడి ఉంటుంది. ఆకురాయితో కోసిన దొంగ నాణెంలో అది ఉండదు. వ్యాపారులు లఖీ అనేది, ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోయి, తర్వాతి బిళ్ళ మీద అదే బొమ్మ తిరగబడి గుంటగా పడినది. బరువు కూడా చూడు. 1992లో మొదలైన స్టీలు రూపాయి 4.85 గ్రాములు.

సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా. కోల్‌కతాకు గుర్తే ఉండదు. గుర్తు లేదని ఎక్కువ ధర చెబితే కొనకు.

వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అనేవాళ్లకు పైసా పంపకు. ఇలాంటి మోసాల మీద రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

దొరికినదాన్ని మెత్తటి పీవీసీ కవర్లో పెట్టకు, జిగురు పచ్చ పడుతుంది. కాగితం కవరు మీద సంవత్సరం, టంకశాల, బరువు, లోపం పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాతే నాణెం లోపల పెట్టు.

మామ