బ్రెడ్ కవరుతో హాల్లో ఎగిరే గాలిపటం

అమ్మాయీ, ఆశీస్సులు.

పారేసే కవర్లతో మీ స్కూలు పిల్లల చేత గాలిపటాలు చేయించి, హాల్లోనే ఎగరేయించాలని అడిగావు. చాలా మంచి పని. అల్పపీడనం పట్టిందంటే మన విశాఖలో పిల్లలకు మూడు నాలుగు రోజులు బయట ఆట ఉండదు. అయితే సంక్రాంతి పటాల లెక్క ఇక్కడ పనికిరాదు. హాల్లో గాలి ఉండదు, మనం నడిస్తే పుట్టేదే గాలి. సెకనుకు ఒక మీటరు చొప్పున నింపాదిగా నడిస్తే, 36 సెంటీమీటర్ల పటాన్ని ఆ గాలి మహా అయితే నాలుగు గ్రాముల వరకు మోస్తుంది. అందుకని తోకతో సహా పటం బరువు రెండున్నర గ్రాములు దాటనివ్వకు. పిల్లలకు మొదట చెప్పాల్సింది ఇదే.

కవరు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. పెద్ద బ్రెడ్ కవరు, మరమరాల కవరు బాగుంటాయి. పాల ప్యాకెట్లు దళసరి. వాటిని అతికించి ఈ సైజు పటం చేస్తే ఒక్క కవరు బరువే మూడు గ్రాముల దాకా వస్తుంది. చిప్స్ ప్యాకెట్లు పొరల మీద పొరలు అంటించినవి, బరువూ ఎక్కువ, మడత పడితే పోదు. మెరుస్తుందని పిల్లలు అదే కావాలంటారు. తోక చివర రెండు వేళ్ల వెడల్పు ముక్క అంటించనివ్వు, చాలు. ఏది పల్చనో తేలకపోతే రకానికో పది సెంటీమీటర్ల చదరం కత్తిరించి, భుజం ఎత్తు నుంచి ఒక్కసారే వదిలిపెట్టించు. ఆఖరున నేలకు దిగిందే మన కవరు.

కవర్లు ముందురోజే సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరెయ్యి. నూనె జిడ్డుంటే సెల్లోటేపు పట్టదు. రొట్టె పొడి మిగిలితే తెల్లారేసరికి చీమలు పడతాయి.

పుల్లలకు కొబ్బరి చీపురు చాలు. పూర్ణామార్కెట్లో ఒక్కటి కొంటే క్లాసు మొత్తానికి సరిపోతుంది. వానల్లో ఈనెలు చెమ్మ పీల్చి వంగిపోతాయి, ఒకరోజు ఎండ చూపించు. చివరి వైపున్న, మిల్లీమీటరు మందం సన్నటి భాగమే వాడాలి.

కవరును పక్కన, అడుగున కోసి విప్పి, నిలువుగా సగానికి మడువు. మడత మీద పై నుంచి కిందికి 36 సెంటీమీటర్లు గుర్తు పెట్టు. పై నుంచి 9 దగ్గర మడతకు అడ్డంగా 18 సెంటీమీటర్లు కొలిచి చుక్క పెట్టు. పై కొస నుంచి చుక్కకు, చుక్క నుంచి కింది కొసకు గీసి రెండు పొరలూ కలిపి కత్తిరించు. విప్పితే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. విడివిడిగా కొలిచి కత్తిరిస్తే ఏదో ఒక పక్క తేడా వచ్చి తీరుతుంది.

నిలువు పుల్ల 36 సెంటీమీటర్లు, లావు కొస పైకి. అడ్డపుల్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈనె ఒక వైపు లావు, ఒక వైపు సన్నం. ఒకే ఈనె పెడితే సన్నం వైపు ఎక్కువ వంగి పటం అటే తిరుగుతూ ఉంటుంది. 20 సెంటీమీటర్ల ముక్కలు రెండు తీసుకుని, లావు కొసలు మధ్యలో 4 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా దారంతో కట్టు. సరిగ్గా 36 వస్తుంది. రెండు పుల్లలూ పటం వెనకవైపే ఉండాలి. కొసల దగ్గర, కలిసే చోట వేలిగోరంత టేపు ముక్కలు వెయ్యి, అంతే. పుల్ల పొడుగునా టేపు లాగితే ముప్పావు గ్రాము పెరుగుతుంది. అది తోక బరువుకు రెట్టింపు.

అడ్డపుల్ల రెండు కొసలకూ వెనక నుంచి దారం కట్టి, మధ్యలో దారానికీ పుల్లకూ మూడు సెంటీమీటర్లు ఎడం వచ్చేదాకా విల్లులా వంచు. పటం ముందుకు ఉబ్బి నీ వైపు చూడాలి. ఈ వంపు ఉంటేనే ఊగినా తనంతట తాను సర్దుకుంటుంది.

ముందువైపు, పుల్లలు కలిసేచోట ఒకటి, పై నుంచి 27 సెంటీమీటర్ల దగ్గర ఒకటి టేపు చుక్కలు అంటించి, వాటి మీదే సూదితో పొడిచి దారాన్ని పుల్లకు ముడెయ్యి. టేపు లేకుండా పొడిస్తే కవరు చిరుగుతుంది. రెండింటి మధ్య దారం 38 సెంటీమీటర్లు ఉంచు. ఎగరేసే దారాన్ని పై ముడికి 16, కింది ముడికి 22 సెంటీమీటర్ల దూరంలో ఉచ్చులా బిగించు. ముడి వెయ్యకు, అది జరగాలి. మిగిలిన కవరులో ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు, మీటరు పొడవు తోక తీసి కింద అంటించు.

తూకం లేదని ఆగొద్దు. బల్ల అంచుకు దగ్గరగా పెన్సిలు పెట్టి, 30 సెంటీమీటర్ల స్కేలును సరిగ్గా మధ్యలో దాని మీద నిలబెట్టు. బయటి కొసకు పటాన్ని దారంతో వేలాడదియ్యి. రెండో వైపు, మధ్య నుంచి పది సెంటీమీటర్ల దగ్గర ₹ గుర్తున్న కొత్త రూపాయి బిళ్ళ పెట్టు, పాత బిళ్ళలు ఎక్కువ బరువు. బిళ్ళ వైపు దిగితే పటం సరైన బరువులో ఉన్నట్టే.

ఎగరేసే ముందు ఫ్యాన్లు ఆపు, కిటికీలు వెయ్యి. మధ్యాహ్నం సముద్రపు గాలి సందు దొరికితే దూరుతుంది, దానికి ఈ పటం ఆగదు. బీచ్‌కి అసలే తీసుకెళ్లనివ్వకు. కుట్టుమిషను దారం రెండు మీటర్లు చాలు, మాంజా మాటే వద్దు. పటం వైపు చూస్తూ వెనక్కి మెల్లగా నడవాలి. కింద బెంచీలు, బ్యాగులు ముందే తీయించు. పిల్లలు పరుగెత్తుతారు, అదే పెద్ద తప్పు. వేగం మూడింతలైతే గాలి తాకిడి తొమ్మిదింతలవుతుంది, పుల్ల వంగి పటం చుట్టుకుపోతుంది. దిగుతుంటే ఒక అడుగు దారం లాగి, పైకి వెళ్లాక సడలిస్తే చాలు.

లేవకుండా వెనక్కి వాలి ఊగుతుంటే ఉచ్చును మూడు మిల్లీమీటర్లు పైకి జరుపు. ముక్కు దించి పడిపోతుంటే కిందికి. ఒకే పక్కకు తిరుగుతుంటే పై కొస, కింది కొస వేళ్ల మధ్య పట్టుకుని చూడు. ఏ రెక్క వాలుతుందో అది బరువు, రెండో రెక్కకు చిన్న టేపు ముక్క వెయ్యి. ఏసీ గదిలో కవరు చేతికీ చొక్కాకీ అంటుకుంటుంటే తడిగుడ్డతో ఒకసారి తుడువు.

ఇద్దరికొక పటం చేయించు, ఒకేసారి ముగ్గురిని మించి ఎగరేయనివ్వకు. మిగిలిన కవర్లు చిన్నపిల్లల చేతికి అందకుండా తీసెయ్యి, తలకు తొడుక్కుంటారు. దాచేటప్పుడు విల్లు దారం విప్పి పాత పేపర్ల మధ్య పరిచి పెట్టు, లేకపోతే ఈనె ఆ వంపులోనే ఉండిపోతుంది.

మీ పెదనాన్న